వార్డు కౌన్సిలర్లు – సోషల్ మీడియాలో సొంత అభిప్రాయాలు

సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్ మున్సిపాలిటీలో 28 వార్డులు. 2020 జనవరి 22న తెలంగాణలోని 120 మున్సిపాలిటీలు, 9 కార్పొరేషన్లతో పాటు ఇక్కడా పోలింగ్ జరిగింది. ఆ ఎన్నికల్లో గెలిచినవాళ్లు ప్రచారం చేసిన తీరుకూ, పదేళ్ల కిందటి కౌన్సిలర్లు చేసిన తీరుకూ పెద్ద తేడా ఉంది. గోడల మీద రాతలు, రిక్షాకు కట్టిన మైకులు పక్కకు జరిగాయి. వాటి చోటును వాట్సాప్ గ్రూపు, ఫేస్‌బుక్ లైవ్, స్టేటస్‌లో పెట్టే ఫొటోలు తీసుకున్నాయి. గెలిచాక కూడా ఆ ఫోనే కౌన్సిలర్ కార్యాలయమైంది. ఆ ఫోన్ నుంచే సొంత అభిప్రాయాలూ బయటికి వస్తున్నాయి. వాటిని పదవికి అంటగట్టాలా, మనిషికే వదిలేయాలా అన్న చర్చ హుజూర్‌నగర్ నుంచి అమెరికా సుప్రీంకోర్టు దాకా నడుస్తోంది.

వార్డు గ్రూపు ఎలా నడుస్తుందో ఈ ప్రాంతంలో ఎవరికైనా తెలుసు. పొద్దున్నే నీళ్ల సమాచారం వస్తుంది: మోటారు కాలింది, ఈ పూట ట్యాంకర్ వస్తుంది, బిందెలు సిద్ధం చేసుకోండి అని. పదింటికి మున్సిపాలిటీ వాళ్ల ఇంటి పన్ను నోటీసు. మధ్యాహ్నం ఎవరో మురుగు కాలువ ఫొటో పెట్టి కౌన్సిలర్‌ను ట్యాగ్ చేస్తారు. సాయంత్రం కౌన్సిలర్ పారిశుధ్య సిబ్బందితో దగ్గరుండి పూడిక తీయించిన వీడియో. రాత్రి తొమ్మిది దాటాక అదే నంబరు నుంచి ప్రతిపక్ష నాయకుడి మీద ఒక ఫార్వర్డ్, ఒక కులం గురించో మతం గురించో ఒక వ్యాఖ్య. ఎవరైనా అభ్యంతరం చెబితే ‘ఇది నా వ్యక్తిగతం, పదవికి సంబంధం లేదు’ అని జవాబు. చదివేవాళ్లకు మాత్రం పొద్దున నీళ్ల గురించి చెప్పినదీ రాత్రి ఆ మాట అన్నదీ ఒకే పేరు, ఒకే ఫొటో. ఆ ఫొటోలో మెడలో పార్టీ కండువా, కింద వార్డు నంబరు, కౌన్సిలర్ అన్న హోదా.

హుజూర్‌నగర్ నియోజకవర్గంలో ఇలాంటి మాటలకు బరువు ఎక్కువ. ఇక్కడ రాజకీయం ఎప్పుడూ నువ్వా నేనా అన్నట్టే సాగుతుంది. ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి శాసనసభ స్థానాన్ని వదులుకోగా 2019 అక్టోబరు 21న వచ్చిన ఉపఎన్నిక రాష్ట్రమంతటి దృష్టినీ లాగింది. టీఆర్‌ఎస్ అభ్యర్థి శానంపూడి సైదిరెడ్డి 43 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. మూడు నెలలకే మున్సిపల్ ఎన్నికలు. పక్కనే ఉన్న నేరేడుచర్లలో 15 వార్డులకు గాను టీఆర్‌ఎస్‌కు 7, కాంగ్రెస్‌కు 7, సీపీఎంకు 1 వచ్చాయి. చైర్మన్ కుర్చీ ఎక్స్ అఫీషియో సభ్యుల ఓట్ల మీద తేలాల్సి వచ్చి, రాజ్యసభ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు ఓటు చెల్లుతుందా లేదా అన్నది రాష్ట్రస్థాయి వివాదమైంది. ఒక్క ఓటుతో కుర్చీ తారుమారయ్యే కౌన్సిల్‌లో ఎవరు ఎవరి పుట్టినరోజుకు శుభాకాంక్షల పోస్టు పెట్టారు, ఎవరి ఫొటో తీసేశారు అన్నవి కూడా రాజకీయ సమాచారమే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక నల్గొండ సహా అనేక మున్సిపాలిటీల్లో అవిశ్వాస తీర్మానాలు వచ్చినప్పుడు, కౌన్సిలర్ పార్టీ మారతాడని ఊరికి ముందుగా చెప్పింది చాలాచోట్ల అతని ఫేస్‌బుక్ కవర్ ఫొటోయే.

అధికారం ఎంత, మాట ఎంత

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చి పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. అయితే ఎంపీలకు 105వ అధికరణం, ఎమ్మెల్యేలకు 194వ అధికరణం ఇచ్చిన సభా హక్కుల లాంటివి కౌన్సిలర్లకు ఇవ్వలేదు. శాసనసభలో ఎమ్మెల్యే అన్న మాట మీద కోర్టుకు వెళ్లలేం. కౌన్సిల్ సమావేశంలో కౌన్సిలర్ అన్న మాటకు ఆ రాజ్యాంగ రక్షణ లేదు. ఇక బయట, ఫోన్‌లో అన్న మాట సంగతి చెప్పనక్కర్లేదు. మాట్లాడే హక్కు విషయంలో కౌన్సిలర్ సాధారణ పౌరుడితో సమానం. 19(1)(ఎ) ఇచ్చే స్వేచ్ఛ అంతే, 19(2) పెట్టే పరిమితులూ అంతే.

చాలామంది ఓటర్లకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కౌన్సిలర్‌కు విడిగా కార్యనిర్వాహక అధికారం దాదాపు లేదు. నిర్ణయం కౌన్సిల్ తీర్మానంతో జరుగుతుంది, అమలు కమిషనర్ చేతిలో ఉంటుంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలంది, ఒక్కోదానిలో 15 మంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకుంటే వార్డు సభ్యుడి పదవికే ముప్పని హెచ్చరించింది. చైర్‌పర్సన్ ఎన్నికలో పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. మొక్క ఎండితే జవాబు చెప్పాల్సిన కౌన్సిలర్, తన పోస్టు వల్ల వీధిలో గొడవ రేగితే ఎవరికి జవాబు చెప్పాలో చెప్పే నియమావళి మాత్రం లేదు. ‘మీ వీధికి సీసీ రోడ్డు మంజూరైంది’ అని కౌన్సిలర్ పెట్టిన పోస్టును జనం ప్రభుత్వ ఉత్తర్వులాగే నమ్ముతారు. తీర్మానం కాకముందే పెట్టిన అలాంటి పోస్టు పేరుకు అభిప్రాయమే అయినా చేసే పని ప్రకటనది. సొంత అభిప్రాయం గురించి మాట్లాడేటప్పుడు మొదట వేరు చేయాల్సింది దీన్నే.

కోర్టులు గీసిన గీతలు

2012లో బాల్ ఠాక్రే మరణించిన తర్వాత ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒకరిని, దాన్ని లైక్ చేసినందుకు ఇంకొకరిని మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. ఇద్దరూ యువతులే. అక్కడి నుంచి మొదలైన వాదన శ్రేయా సింఘల్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ మొత్తంగా కొట్టుడుపోయింది. ‘చిరాకు కలిగించింది’ అన్న కారణంతో పోస్టును నేరం చేసే రోజులు చట్టప్రకారం ఆనాడే ముగిశాయి. మిగిలినవి పాత శిక్షాస్మృతిలోని నేరాలు. 2024 జూలై 1 నుంచి అవి భారతీయ న్యాయ సంహితలోకి మారాయి: వర్గాల మధ్య వైరం పెంచితే 196, వదంతులతో అశాంతి రేపితే 353, పరువు నష్టానికి 356.

పదవిలో ఉన్నవారి సొంత మాట ప్రభుత్వానిదవుతుందా? 2016లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ దగ్గర జరిగిన సామూహిక అత్యాచారాన్ని అప్పటి మంత్రి ఆజం ఖాన్ రాజకీయ కుట్రగా అభివర్ణించడంతో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 19(2)లో ఉన్నవి తప్ప ప్రజాప్రతినిధుల నోటికి కొత్త తాళాలు వేయలేమంది. మంత్రి మాటను సమష్టి బాధ్యత పేరుతో ప్రభుత్వానికి అంటగట్టలేమనీ మెజారిటీ అభిప్రాయం రాసిన జస్టిస్ వి.రామసుబ్రమణియన్ తేల్చారు. జస్టిస్ బి.వి.నాగరత్న ఇక్కడ విడిపోయారు. విధి నిర్వహణలో భాగంగా చెప్పిన మాటకు ప్రభుత్వ ఆమోదం కూడా ఉంటే అది ప్రభుత్వానికి చెందుతుందని, ప్రభుత్వ వైఖరికి పొసగని మాట వ్యక్తిగతమని ఆమె వివరించారు. కౌన్సిలర్ల వరకు ఆమె గీసిన గీతే ఎక్కువ పనికొస్తుంది. వార్డు పని గురించి, తీర్మానం గురించి, లబ్ధిదారుల గురించి చెప్పేటప్పుడు కౌన్సిలర్ పదవిలో ఉండి మాట్లాడుతున్నాడు. ఆ మాట చెప్పింది ఏ ఖాతా నుంచి అన్నది రెండో ప్రశ్న.

2024 మార్చి 15న అమెరికా సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే చిక్కును విప్పింది. మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్ పట్టణ మేనేజర్ జేమ్స్ ఫ్రీడ్ తన ఫేస్‌బుక్ పేజీలో కుటుంబం ఫొటోలూ పెట్టేవాడు, పట్టణం పనుల కబుర్లూ పెట్టేవాడు. కొవిడ్ కాలంలో పట్టణ యంత్రాంగాన్ని విమర్శించిన ఒక పౌరుడి కామెంట్లు తీసేసి, అతన్ని బ్లాక్ చేశాడు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అసలైన అధికారం ఆ వ్యక్తికి ఉండాలి, ఆ పోస్టులో ఆ అధికారాన్నే వాడుతున్నట్టు కనిపించాలి, అప్పుడే అది ప్రభుత్వ చర్య అని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. సొంతదీ పదవిదీ కలగలిసిన పేజీలో ఒక్కో పోస్టునూ విడివిడిగా చూడాల్సిందే. కామెంట్లను తీసేయడం ఒక్కో పోస్టుకు సంబంధించినది కావచ్చు. మనిషిని బ్లాక్ చేస్తే మాత్రం పేజీ మొత్తానికే దూరం చేసినట్టు. విమర్శించినవాళ్లను వార్డు గ్రూపు నుంచి తీసేసే కౌన్సిలర్లు ఈ తేడాను గమనించాలి. నచ్చని మాటతో పాటు నీళ్ల ట్యాంకర్ సమాచారాన్నీ ఆ ఇంటికి అందకుండా చేస్తున్నారు.

బ్రిటన్‌లో కౌన్సిలర్లకు ప్రవర్తనా నియమావళి ఉంది. అక్కడి కోర్టులు దాన్ని ఎంత దూరం సాగనిచ్చాయో చూడాలి. లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ 2005లో ఒక విందు నుంచి బయటికి వస్తూ విలేకరిని నాజీ శిబిరపు కాపలాదారుతో పోల్చినందుకు నాలుగు వారాల సస్పెన్షన్ పడింది. ఆ సమయంలో ఆయన పదవి పనిలో లేడంటూ హైకోర్టు 2006లో దాన్ని రద్దు చేసింది. వేల్స్‌లోని మానర్‌బియర్ అనే చిన్న ఊరి కౌన్సిలర్ కాల్వర్, తోటి సభ్యుల గురించి తన వెబ్‌సైటులో వెటకారంగా రాశాడని అభిశంసనకు గురయ్యాడు. రాజకీయాల్లో ఉన్నవాళ్లు ఎకసెక్కాన్ని తట్టుకోవాలని, రాజకీయ విమర్శకు గట్టి రక్షణ ఉంటుందని 2012లో హైకోర్టు ఆ చర్యనూ కొట్టేసింది. 2020 డిసెంబరులో ఇంగ్లండ్ స్థానిక ప్రభుత్వాల సంఘం విడుదల చేసిన నమూనా నియమావళి సోషల్ మీడియాకూ వర్తిస్తుంది. పదవిలో ఉండి మాట్లాడుతున్నట్టు చూసేవాళ్లకు అనిపిస్తే చాలు, నియమం అంటుకుంటుంది.

తెలుగు నేలమీద

ఈ మధ్యకాలంలో తెలుగు మున్సిపాలిటీలకు సంబంధించి బాగా చర్చకు వచ్చినది తాడిపత్రి ఉదంతం. 2024 డిసెంబరు 31 రాత్రి జేసీ పార్కులో మహిళల కోసం పెట్టిన నూతన సంవత్సర కార్యక్రమానికి వెళ్లొద్దని, భద్రత గురించి ఆలోచించమని నటి, బీజేపీ నాయకురాలు మాధవీలత సోషల్ మీడియాలో వీడియో పెట్టారు. మున్సిపల్ చైర్మన్ జేసీ ప్రభాకర్ రెడ్డి ఆమె మీద దారుణమైన వ్యాఖ్యలు చేశారు. ఆ వీడియో ఫోన్ ఫోన్‌కీ చేరింది. ఆయన తర్వాత ఆవేశంలో అన్నానంటూ క్షమాపణ చెప్పారు. ఆమె ఫిర్యాదుతో సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. ఆమె చెప్పింది అభిప్రాయం, దాన్ని తప్పని వాదించే హక్కు చైర్మన్‌కు పూర్తిగా ఉంది. ఆ వాదన వదిలేసి ఆడమనిషి శీలం మీద పడటం అభిప్రాయం కిందికి రాదు. పట్టణ ప్రథమ పౌరుడి నోట వచ్చినప్పుడు ఆ మాట చేసే హాని రెట్టింపు, ఎందుకంటే ఆ పట్టణంలో రేపు ఇంకో మహిళ ఫిర్యాదు చేయాల్సింది ఆ కార్యాలయానికే.

గోషామహల్ ఎమ్మెల్యే టి.రాజాసింగ్ రాజకీయ జీవితం మొదలైంది కార్పొరేటర్‌గానే. 2009లో మంగళ్‌హాట్ డివిజన్ నుంచి తెలుగుదేశం టికెట్ మీద గెలిచారు. తర్వాత బీజేపీ ఎమ్మెల్యే అయ్యారు. విద్వేష వ్యాఖ్యల కారణంగా 2020 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ఆయన్ను నిషేధించింది. 2022 ఆగస్టులో పెట్టిన వీడియోతో హైదరాబాద్‌లో నిరసనలు భగ్గుమన్నాయి. పార్టీ సస్పెండ్ చేసింది, ప్రభుత్వం పీడీ చట్టం కింద జైలుకు పంపింది, నవంబరులో హైకోర్టు షరతులతో విడుదల చేసింది. ఎన్నికల ముందు, 2023 అక్టోబరులో, పార్టీ సస్పెన్షన్ ఎత్తేసింది. ప్రజాప్రతినిధి మాటకు పార్టీ వేసే శిక్ష ఎంతకాలం నిలుస్తుందో ఆ తేదీలు చూస్తే తెలిసిపోతుంది.

మరో ఇద్దరు ప్రజాప్రతినిధుల సంగతి. 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తుల మీద వచ్చిన పోస్టులు, వ్యాఖ్యల విషయంలో కోర్టు 49 మందికి నోటీసులిచ్చింది. వారిలో అప్పటి బాపట్ల ఎంపీ నందిగం సురేష్ ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరులో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. 2022 జూన్‌లో జూబ్లీహిల్స్ బాలిక కేసులో ఎమ్మెల్యే రఘునందన్‌రావు మీడియాకు చూపిన వీడియో, ఫొటోల మీద బాధితురాలి గుర్తింపు బయటపెట్టారన్న అభియోగంతో పోలీసులు కేసు పెట్టారు. నేరాన్ని ఎండగట్టడం రాజకీయ నాయకుడి పని, బాధితురాలిని గుర్తుపట్టేలా చేయడం మాత్రం ఏ ఉద్దేశంతోనైనా చట్టం ఒప్పుకోదు.

ఈ చివరి సంగతి చిన్న పట్టణాల కౌన్సిలర్లకు అన్నిటికంటే దగ్గరిది. వార్డుల్లో ఎక్కువ హాని చేస్తున్నవి పెద్ద రాజకీయ వ్యాఖ్యలు కావు, చేతికందిన కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. కల్యాణలక్ష్మి, షాదీముబారక్ కింద లక్షా నూట పదహారు రూపాయల చెక్కు ఇస్తూ తీసిన ఫొటో వెంట దరఖాస్తు కాగితం కూడా వెళ్లిపోతుంది. ఇళ్ల పథకం జాబితాలో పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు అన్నీ కనిపిస్తుంటాయి. ఆధార్ చట్టం, 2016లోని 29వ సెక్షన్ ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించకూడదంటోంది. పదవి వల్ల చేతికి వచ్చిన సమాచారాన్ని సొంత ఖాతాలో పెట్టినంత మాత్రాన అది సొంతమైపోదు. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు అందుకుంటున్న మనిషికి ఏం జబ్బో ఊరందరికీ తెలియాల్సిన పని ఏముంది?

ఫార్వర్డ్ మరో గండం. ‘నేను రాయలేదు, వచ్చింది పంపాను’ అన్న సాకును కోర్టు ఒప్పుకోలేదు. మహిళా విలేకరులను కించపరిచే పోస్టును 2018లో పంచుకున్న తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి.శేఖర్ మీద కేసులు కొట్టేయడానికి 2023లో మద్రాసు హైకోర్టు నిరాకరించింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. గ్రూపు అడ్మిన్ పరిస్థితి వేరు. ఇతరులు పెట్టిన దానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతి తెలంగాణ పల్లెల్ని వణికించింది, అమాయకులు దెబ్బలు తిని చనిపోయారు. పాలమూరు ప్రాంతంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి, పాటలు పాడించి, డప్పు కొట్టించి ఆ వదంతిని ఆపారు. ఆ జూలైలోనే వాట్సాప్ భారత్‌లో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అలాంటి రాత్రి వార్డు గ్రూపులో కౌన్సిలర్ ‘ఇది అబద్ధం’ అని ఒక్క మాట రాస్తే వంద డప్పుల పని చేస్తుంది. ‘జాగ్రత్త, నిజమేనట’ అని రాస్తే అంతకు అంతా కీడు.

ఖాతా ఎవరిది, రాసేదెవరు

తెలంగాణ పట్టణ సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. ఫేస్‌బుక్ ఖాతా ఆమె పేరు మీదే ఉంటుంది. ఫోన్ మాత్రం చాలా ఇళ్లలో భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. ఫ్లెక్సీలో ఇద్దరి ఫొటోలూ పక్కపక్కనే. ఆయన రాసిన ‘వ్యక్తిగత అభిప్రాయం’ ఆమె పేరు మీద వెళ్తుంది, కేసు వస్తే నోటీసు ఆమెకు వస్తుంది. తన అభిప్రాయం ఏమిటో తనే రాసుకునే అవకాశం లేని కౌన్సిలర్ భావప్రకటనా స్వేచ్ఛ గురించి చర్చించే ముందు, ఆ ఫోన్ ఆమె చేతికి రావాలి.

ఇంకో వైపు నుంచి వచ్చే ప్రమాదం కూడా చిన్నది కాదు: పోలీసు కేసుతో నోరు మూయించడం. ప్రతిపక్ష కౌన్సిలర్ కాంట్రాక్టు పనిలో నాణ్యత లేదని రాస్తే పరువు నష్టమని స్టేషన్‌లో ఫిర్యాదు చేయడం మామూలైపోయింది. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు, మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మీద పెట్టిన పోస్టులకు ఒక సోషల్ మీడియా కార్యకర్తపై నమోదైన మూడు కేసులను 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ ఎన్.తుకారాంజీ కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలిచ్చారు. ఫిర్యాదుదారుకు ఆ హక్కుందో లేదో చూడాలి, కేసుకు ముందు ప్రాథమిక విచారణ జరపాలి, రాజకీయ వ్యాఖ్యల విషయంలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలి, యాంత్రికంగా అరెస్టులు చేయరాదు. అదే ఏడాది మార్చి 28న రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ సోషల్ మీడియాలో ఒక కవితతో పెట్టిన వీడియో మీద గుజరాత్ పోలీసులు కట్టిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది.

అధికారుల సంగతి దీనికి భిన్నం. కంచ గచ్చిబౌలి భూముల గురించి కృత్రిమ మేధతో చేసిన చిత్రాన్ని రీపోస్ట్ చేసినందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు 2025 ఏప్రిల్‌లో పోలీసు నోటీసు వచ్చింది. అధికారికి సర్వీసు నిబంధనలు అదనపు బంధనం. కౌన్సిలర్‌కు ఆ బంధనం లేదు, ఉండకూడదు కూడా. కమిషనర్ పనిని, చైర్మన్ పనిని, చివరికి తన పార్టీ ప్రభుత్వాన్నీ బయట ప్రశ్నించడానికే వార్డు అతన్ని పంపింది.

2020లో ఎన్నికైన కౌన్సిళ్ల పదవీకాలం 2025 జనవరి 26తో ముగిసింది, ప్రత్యేక అధికారుల పాలన వచ్చింది. వార్డు గ్రూపులు మాత్రం మాజీ కౌన్సిలర్ల ఫోన్లలోనే ఉండిపోయాయి. పదవిలో ఉండగా పోగైన వందల నంబర్లు, దరఖాస్తుల ఫొటోలు, ఇళ్ల వివరాలు ఒక వ్యక్తి సొత్తుగా మిగిలాయి. నీళ్లు, పన్నులు, పారిశుధ్యం సమాచారమిచ్చే గ్రూపు మున్సిపాలిటీ నంబరు మీద ఉండాలి, కౌన్సిలర్ ఎవరైనా అది వార్డుకే చెందాలి. రాజకీయం, సినిమా, దేవుడు, ఎవరి మీది కోపమైనా సొంత ఖాతాలో స్వేచ్ఛగా రాసుకోవచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. హుజూర్‌నగర్‌లో 28 మంది కూర్చునే కౌన్సిల్ హాలులో ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను వార్డు ప్రజలు ఈ మాట తప్పక అడగాలి.